కొన్న సినిమా మన చేతిలో ఉండాలి

జర్మనీలో కొత్త టీవీ కొన్నవాళ్ళకు బంధువులు, స్నేహితులు, చివరికి దుకాణంలో అమ్మేవాళ్ళు కూడా చెప్పే మాట ఒకటే: "ఇంకా డిస్కులెందుకండీ, అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా!" మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే తెలుగువాళ్ళయినా, ఎస్సెన్‌లో పుట్టి పెరిగిన జర్మన్లయినా ఈ మాట దగ్గర ఏకమవుతారు. బ్లూరే, 4కె డిస్కులు కాలం చెల్లిన వస్తువులనీ, వాటిని ఇంకా కొనేవాళ్ళు అలమారాలు నింపుకునే పిచ్చిలో ఉన్నారనీ ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. ప్రేక్షకుల చేతిలోంచి సినిమాను లాగేసుకునే ఏర్పాటుకు అది కాపు కాస్తోంది కూడా.

ముందు ఆ వాదనను దాని పూర్తి బలంతో చెప్పుకోవాలి. నెలనెలా కొంత చందా కడితే వేలాది సినిమాలు, సిరీస్‌లు కూర్చున్న చోటికే వస్తాయి. అద్దె ఇళ్ళలో డిస్కులు దాచడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు, ఊరు మారినప్పుడు పెట్టెలు మోయనక్కర్లేదు. బొమ్మ కూడా 4కెలోనే వస్తుంది. ఎక్కువమంది ఒక సినిమాను ఒక్కసారే చూస్తారు కాబట్టి దానికోసం 30 యూరోలు పెట్టడం దండగ. పైగా ప్లేయర్లు తయారుచేసే కంపెనీలు ఒక్కొక్కటే తప్పుకుంటున్నాయి. ఇందులో సౌకర్యం గురించిన మాట నిజం, దాన్ని నేను కాదనను. అయితే సౌకర్యం నిజమైనంత మాత్రాన మిగతావన్నీ నిజమైపోవు. వరసగా చూద్దాం.

1. "4కె ఎక్కడైనా 4కెనే"

ఈ వాదన కొలతను గుణంగా పొరబడుతోంది. 4కె అంటే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. ఆ చుక్కలను నింపడానికి సెకనుకు ఎంత సమాచారం వస్తోందన్నది వేరే లెక్క. ఆరు గజాల చీర అన్నంత మాత్రాన నేత చిక్కగా ఉందని కాదు, చిక్కదనం పోగుల్లో ఉంటుంది. 4కె బొమ్మకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్ వేగం చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. 100 గిగాబైట్ల 4కె బ్లూరే డిస్కు నుంచి సెకనుకు 128 మెగాబిట్ల దాకా సమాచారం చదవవచ్చు. 2006లో వచ్చిన మామూలు బ్లూరేలో సైతం ఒక్క బొమ్మకే 40 మెగాబిట్ల వరకు చోటుంది. ఓటీటీలు కొత్త కుదింపు పద్ధతులు వాడుతున్నాయి కాబట్టి తక్కువ సమాచారం చాలని కొందరంటారు. 4కె డిస్కు కూడా హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతితోనే తయారవుతుంది. ఇంత పెద్ద తేడాను పద్ధతి ఒక్కటే పూడ్చలేదు.

పట్టపగటి వెలుగులో ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు. చీకటి, పొగ, వాన, మంచు, గుంపుల కదలిక వచ్చినప్పుడు బయటపడుతుంది. 2019 ఏప్రిల్‌లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి సీజన్‌లోని 'ది లాంగ్ నైట్' ఎపిసోడ్ ప్రసారమైనప్పుడు, రాత్రి యుద్ధంలో ఏం జరుగుతోందో కనబడలేదని ప్రపంచమంతా ఫిర్యాదు చేసింది. చిత్రీకరణలో లోపం లేదనీ, కుదింపు, ఇళ్ళలోని టీవీ అమరికలు బొమ్మను పాడుచేశాయనీ దాని ఛాయాగ్రాహకుడు, జర్మనీవాడైన ఫాబియన్ వాగ్నర్ సమాధానమిచ్చాడు. 2020లో ఆ సిరీస్ మొత్తం 4కె డిస్కుల మీద వచ్చింది. చీకటి అలాగే ఉంది, కానీ ఆ చీకట్లో మనుషులు, గుర్రాలు, మంటలు విడివిడిగా కనబడ్డాయి. నల్లని ఆకాశంలో మెట్లుమెట్లుగా కనిపించిన చారలు పోయాయి.

జర్మనీకి ఇది కొత్త కథ కాదు. 1980లో దర్శకుడు ఫాస్‌బిండర్ తీసిన 14 భాగాల 'బెర్లిన్ అలెగ్జాండర్‌ప్లాట్జ్' ఇక్కడి టీవీలో వచ్చినప్పుడు కూడా బొమ్మ మరీ చీకటిగా ఉందని జనం మండిపడ్డారు. 16 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఛాయాగ్రాహకుడు క్సావర్ ష్వార్జెన్‌బెర్గర్ పట్టిన వెలుగునీడలను ఆనాటి ప్రసారం మోయలేకపోయింది. 2007 బెర్లిన్ చిత్రోత్సవంలో చూపించిన పునరుద్ధరణ తర్వాత, అది డిస్కుల మీదికి వచ్చాక, ఆ సిరీస్ అసలు అందం ఇంట్లో కూర్చున్నవాళ్ళకు దక్కింది. తీసినవాడి శ్రమ తెర దాకా చేరుతుందా, దారిలో కారిపోతుందా అన్నదే రెండు సందర్భాల్లోనూ అసలు ప్రశ్న.

నాణ్యత తగ్గించే మీట ఎవరి చేతిలో ఉందో 2020 మార్చిలో తేలిపోయింది. కరోనా రోజుల్లో నెట్‌వర్కుల మీద భారం తగ్గించమని యూరోపియన్ కమిషనర్ తియరీ బ్రెటన్ అడగగానే నెట్‌ఫ్లిక్స్ యూరప్ అంతటా 30 రోజులపాటు బొమ్మకు పంపే సమాచారాన్ని తగ్గించింది. ఆనాటి అవసరాన్ని నేను తప్పుపట్టను. అయితే చందాదారు డబ్బు కట్టేది తన అదుపులో లేని నాణ్యతకని ఒప్పుకోక తప్పదు. ఎక్కువ సమాచారం పంపడం సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. సోనీ తన టీవీలకు ఇచ్చే సేవలో సెకనుకు 80 మెగాబిట్ల దాకా పంపుతోంది. ఓటీటీలో పంపే ప్రతి బిట్టూ కంపెనీకి మళ్ళీమళ్ళీ ఖర్చు కాబట్టి పొదుపు చేయడమే దాని వ్యాపారం. డిస్కు మీద ఆ ఖర్చు ఒక్కసారే ఉంటుంది.

ఇక ధ్వని. ఓటీటీల్లో వచ్చే అట్మాస్ ధ్వని సాధారణంగా సెకనుకు 768 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది. డిస్కు మీది ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో ట్రాకులు స్టూడియోలో కలిపిన ధ్వనిని ఏ కోతా లేకుండా ఇస్తాయి. కొన్ని సంస్థలు డిస్కు మీద ఆంగ్ల ధ్వనిని పూర్తిగా ఇచ్చి, జర్మన్ అనువాద ధ్వనిని మాత్రం కుదించి పెడతాయి. అది ఆ సంస్థల పిసినారితనం, డిస్కు తప్పు కాదు. చిన్న టీవీలో, దాని స్పీకర్లతోనే కబుర్ల సిరీస్ చూసేవాళ్ళకు ఈ తేడాలేవీ పట్టవు. వాళ్ళు డిస్కు కొనాలని నేను అనడంలేదు. తమకు కనబడని తేడా లోకంలోనే లేదని మాత్రం వాళ్ళు తీర్మానించకూడదు.

2. "అన్నీ దొరుకుతాయి"

ఏవి, ఎంతకాలం, ఏ భాషలో, ఏ రూపంలో అని అడిగితే ఈ మాట నిలవదు. డిస్నీ ప్లస్ 2022 చివర్లో విడుదల చేసిన 'విల్లో' సిరీస్‌ను 2023 మేలో తన జాబితాలోంచి తీసేసింది. తానే తీయించి, తానే చూపించి, ఆరునెలలకే తానే మాయం చేసింది. 2024 జనవరిలో తమిళ చిత్రం 'అన్నపూరణి' మీద ఫిర్యాదులు రాగానే అది నెట్‌ఫ్లిక్స్‌లో కనబడకుండా పోయింది. ఆ సినిమా నచ్చినవాళ్ళు, నచ్చనివాళ్ళు, అసలు చూడనివాళ్ళు అందరికీ ఒకే తీర్పు అమలైంది. ఇంట్లో ఉన్న డిస్కును ఏ కంపెనీ వచ్చి పట్టుకుపోలేదు.

భాష సంగతి తెలుగువాళ్ళకు మరీ దగ్గరిది. 2022 మేలో నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చిన 'ఆర్‌ఆర్‌ఆర్' హిందీ అనువాదం. తెలుగు మాటలున్న అసలు సినిమా జీ5కి వెళ్ళింది. 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన సినిమాను లోకంలో ఎంతోమంది తెలుగు గొంతులు లేకుండానే చూశారు. ఇక్కడి మన జర్మన్ మిత్రులు నెట్‌ఫ్లిక్స్ తెరిచి చూసి, అదే అసలు భాష అనుకుంటే తప్పు వాళ్ళది కాదు. ఒక డిస్కు మీద నాలుగైదు భాషల ధ్వనిని, ఎన్నో ఉపశీర్షికలను పక్కపక్కనే పెట్టవచ్చు. హక్కులను భాషలవారీగా ముక్కలు చేసి వేర్వేరు చందాలకు అమ్మే పద్ధతి ఆ పొందికను చెడగొట్టింది.

రూపం సంగతికి జర్మన్ సినిమాలోనే ఉదాహరణ ఉంది. వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ తీసిన 'దాస్ బూట్' 1981లో థియేటర్లకు దాదాపు రెండున్నర గంటల సినిమాగా వచ్చింది. తర్వాత ఐదు గంటల టీవీ సిరీస్ అయింది. 1997లో దర్శకుడు మూడున్నర గంటల కూర్పు చేశాడు. 2018లో వచ్చిన డిస్కుల పెట్టెలో ఇవన్నీ ఒకచోట చేరాయి. ఒకే కథ మూడు నిడివుల్లో ఎలా మారుతుందో పోల్చి చూడాలనుకునే విద్యార్థికి ఆ పెట్టె ఒక పాఠశాల. చందా జాబితాలో దొరికేది ఆ నెల ఆ కంపెనీకి హక్కున్న కూర్పు ఒక్కటే.

3. "డిజిటల్‌గా కొనుక్కున్నా మనదే కదా"

చందా మీద నమ్మకం లేదంటే డౌన్‌లోడ్ కొనుక్కోమంటారు. ఈ సలహా ఎంత బోలుదో జర్మనీయే చూపించింది. ప్లేస్టేషన్ స్టోర్ 2021 ఆగస్టు 31తో సినిమాల అమ్మకం ఆపేసింది. అప్పటికే కొన్నవాటిని చూసుకోవచ్చని అప్పుడు చెప్పింది. 2022లో జర్మనీ, ఆస్ట్రియా ఖాతాదారులకు ఇంకో ప్రకటన వచ్చింది: స్టూడియోకనాల్‌తో లైసెన్సు ఒప్పందాల కారణంగా, ఆ సంస్థ సినిమాలను డబ్బిచ్చి కొన్నవారు కూడా ఆగస్టు 31 నుంచి చూడలేరు, అవి వాళ్ళ లైబ్రరీల్లోంచి తొలగిపోతాయి. జర్మనీ జాబితాలో 314 శీర్షికలు, ఆస్ట్రియా జాబితాలో 137. ఆ ప్రకటనలో డబ్బు వాపసు ప్రస్తావన లేదు.

ఇది ఒక కంపెనీ దుర్మార్గం అనుకుంటే పొరపాటు. ఆ వ్యాపార నిర్మాణంలోనే ఇది ఉంది. జర్మన్ కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం, హక్కుదారు అనుమతితో యూరప్‌లో ఒకసారి అమ్ముడైన ప్రతి మీద పంపిణీ హక్కు అంతటితో తీరిపోతుంది. అందుకే డిస్కును మళ్ళీ అమ్మవచ్చు, బహుమతిగా ఇవ్వవచ్చు, పిల్లలకు వదిలి వెళ్ళవచ్చు. డౌన్‌లోడ్ ఈ నియమం కిందికి రాదని యూరోపియన్ న్యాయస్థానం 2019 డిసెంబరులో టామ్ కాబినెట్ కేసులో ఈ-పుస్తకాల విషయంలో తేల్చింది. తెర మీద మీట 'కొనండి' అంటుంది, దాని వెనకున్న ఒప్పందం 'మేము ఉండనిచ్చినంత కాలం చూడండి' అంటుంది. ఒకే ధరకు ఒకటి ఆస్తి, ఇంకోటి అనుమతి. ఈ రెంటినీ ఒకటేనని చెప్పేవాళ్ళు కొనుగోలుదారుకు న్యాయం చేయడంలేదు.

డిస్కులకు కూడా తాళాలున్నాయని కొందరు అడ్డుపడతారు. ఉన్నాయి. ప్రాంత సంకేతాల వల్ల ఇండియాలో కొన్న బ్లూరే ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు. 4కె డిస్కులకు ఆ బెడద అసలు లేదు. తాళమున్న వస్తువు మన ఇంట్లో ఉండటం, తాళంచెవితో సహా వస్తువు ఇంకొకరింట్లో ఉండటం ఒకటి కావు.

4. "ఖర్చు దండగ"

ఖర్చు లెక్కలో ఒక వైపే చూస్తున్నారు. 2024 ఏప్రిల్‌లో జర్మనీలో నెట్‌ఫ్లిక్స్ 4కె చందా నెలకు 19.99 యూరోలైంది, అంటే ఏడాదికి దాదాపు 240. అది ఒక్క సేవకే. 2024 ఫిబ్రవరి 5 నుంచి ప్రైమ్ వీడియో అప్పటికే చందా కడుతున్నవాళ్ళకు ప్రకటనలు పెట్టింది, అవి వద్దంటే నెలకు ఇంకో 2.99 కట్టమంది. అదనం కట్టనివాళ్ళకు డాల్బీ విజన్, అట్మాస్ కూడా తీసేసింది. కొన్న వస్తువు నాణ్యత కొన్న తర్వాత తగ్గడం, దాన్ని తిరిగి పొందడానికి మళ్ళీ కట్టడం డిస్కుల లోకంలో లేని సంగతి.

చందా ఆపిన రోజున అప్పటిదాకా కట్టినదానికి చేతిలో ఏమీ మిగలదు. డిస్కుకు మారు విలువ ఉంది. జర్మనీలో వారాంతపు పాత సామాన్ల సంతల్లో, బెర్లిన్‌లో మొదలైన మోమోక్స్ లాంటి సంస్థల దగ్గర పాత బ్లూరేలు కొత్తవాటి ధరలో కొంత భాగానికే దొరుకుతాయి, చూసేశాక మళ్ళీ అమ్ముకోవచ్చు. ప్రతి సినిమానూ 30 యూరోలకు కొనాలని ఎవరూ చెప్పలేదు. ఒక్కసారి చూసి మరిచిపోయేవాటికి చందా చాలు. మళ్ళీమళ్ళీ చూసేవి, పిల్లలకు చూపించాలనుకునేవి కొనాలి. ఈ విభజన చేయకుండా డిస్కు ఖరీదని కొట్టిపారేయడం లెక్క తప్పించుకోవడమే.

5. "యంత్రాలే ఆగిపోతున్నాయి"

ఒప్పో 2018లో, శామ్‌సంగ్ 2019లో ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి, తర్వాత ఎల్‌జీ కూడా. అది నిజం. 2025 ఫిబ్రవరిలో సోనీ బ్లూరే డిస్కుల ఉత్పత్తి ఆపిందన్న వార్త రాగానే బ్లూరేకు రోజులు తీరాయని ప్రచారమైంది. సోనీ ఆపింది మనం రికార్డు చేసుకునే ఖాళీ డిస్కులను. సినిమాల డిస్కులను కర్మాగారంలో అచ్చు వేస్తారు, అది వేరే పరిశ్రమ. ఈ తేడా చూడకుండా తీర్పులిచ్చారు. పానసోనిక్, సోనీ ప్లేయర్లు జర్మన్ దుకాణాల్లో దొరుకుతున్నాయి. డిస్కు డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ కూడా 4కె డిస్కులు ఆడిస్తాయి.

అమ్మకాలు తగ్గాయి కాబట్టి జనానికి అక్కర్లేదనడంలోనూ తర్కం లేదు. కొన్ని సిరీస్‌లను కంపెనీలు డిస్కు మీద విడుదలే చేయవు. అమ్మకానికి పెట్టని వస్తువు అమ్ముడుపోలేదని గణాంకం చూపించడం మోసపు వాదన. పెట్టినప్పుడు ఏమైందో 2023 నవంబరులో చూశాం. 'ఓపెన్‌హైమర్' 4కె డిస్కు వచ్చిన వారంలోనే చాలాచోట్ల అయిపోయింది, యూనివర్సల్ మళ్ళీ అచ్చు వేయించాల్సి వచ్చింది.

6. "ప్లాస్టిక్ చెత్త"

పర్యావరణం వాదనలో కొంత సత్యముంది. హెచ్‌డీ వీడియోను గంటసేపు చూస్తే డేటా కేంద్రం, నెట్‌వర్క్ కలిపి ఫైబర్ మీద 2 గ్రాములు, వీడీఎస్‌ఎల్ రాగి తీగ మీద 4 గ్రాములు, 3జీ మొబైల్ మీద 90 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందని జర్మన్ సమాఖ్య పర్యావరణ సంస్థ 2020లో లెక్కగట్టింది. ఫైబర్ ఉన్న ఇంట్లో ఒక్కసారి చూసే సినిమాకు ఓటీటీయే మేలు. అయితే డిస్కు ఒక్కసారి తయారై దశాబ్దాలపాటు ఎన్నో ఇళ్ళు తిరుగుతుంది, ప్రతిసారీ నెట్‌వర్క్‌ను అడగదు. ఒక్కసారి వాడి పారేసే వస్తువులతో దాన్ని కలిపి లెక్కించకూడదు.

7. "ఇది కొద్దిమంది సరదా"

అన్నిటికన్నా అన్యాయమైన వాదన ఇది. డిస్కు పుట్టిందే సినిమాను పదిమందికి పంచడానికి. 1975లో కాసెల్ నగరంలో తెరిచిన ఫిల్మ్ షాప్‌ను ప్రపంచంలో మొట్టమొదటి వీడియో అద్దె దుకాణంగా చెబుతారు. ఇప్పుడు ఆ బాధ్యతను నగర గ్రంథాలయాలు మోస్తున్నాయి. బెర్లిన్‌లో ఏడాదికి 10 యూరోల కార్డుతో అమెరికా స్మారక గ్రంథాలయంలోని సినిమా అరల్లోంచి డిస్కులు ఇంటికి తెచ్చుకోవచ్చు. నెలకు నాలుగు చందాలు కట్టలేని విద్యార్థికీ, పింఛను మీద బతికే వృద్ధురాలికీ, భాష నేర్చుకుంటున్న శరణార్థికీ ఆ అరలే ఆధారం. గ్రంథాలయం ఎరువిచ్చేది వస్తువును. డిస్కుగా రాని సిరీస్‌ను ఏ గ్రంథాలయమూ కొని అరలో పెట్టలేదు. డిస్కును విలాసం అంటున్నవాళ్ళు ఈ మనుషులను లెక్కలోంచి తీసేశారు.

మన దగ్గరా అంతే. మోజర్ బేర్ సంస్థ 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజుల్లో బస్టాండు పక్క కిరాణా కొట్లోనూ సినిమాలు దొరికేవి. 2000 దశకంలో కోల్న్ నగరపు రాపిడ్ ఐ మూవీస్ హిందీ సినిమాలను జర్మన్ వాళ్ళ కోసం డీవీడీలుగా తెచ్చింది, 2004 నుంచి ఆర్‌టీఎల్ 2 ఛానెల్ వాటిని ప్రసారం చేసింది. ఆ డిస్కులు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. హిందీ సినిమాకు జర్మనీలో జ్ఞాపకం మిగిలిందంటే అందులో వాటి పాత్ర ఉంది. 'బాహుబలి' జపాన్‌లో బ్లూరేగా వచ్చి అక్కడి అభిమానుల ఇళ్ళలో నిలిచింది. జర్మనీలో తెలుగు సినిమాకు ఆ స్థాయి ఉనికి రాలేదు. రెండు వారాల వారాంతపు ప్రదర్శనలు, తర్వాత ఏదో ఒక చందా జాబితా, ఆ తర్వాత మరుపు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు మన సినిమాను అప్పగించే దారి ఇది కాదు.

కావలసింది ఇదీ

ఓటీటీని మూసేయమని నేను అడగడంలేదు. డిస్కు ఉండగా ఓటీటీ ఒక సౌకర్యం. డిస్కు పోతే అదే ఏకైక ద్వారమవుతుంది, ద్వారపాలకుడి మాటే చట్టమవుతుంది. కాబట్టి నా కోరికలు స్పష్టం.

ఒకటి: రద్దు చేయగల లైసెన్సును అమ్మేటప్పుడు 'కొనండి' అనే మాట వాడకూడదు. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుంచి అలాంటి అమ్మకాల్లో అసలు సంగతి చెప్పి తీరాలని చట్టం చేసింది. 314 శీర్షికల ఉదంతం జరిగిన దేశం వెనకబడటానికి కారణం లేదు.

రెండు: జర్మన్ కాపీరైటు చట్టం 53వ సెక్షన్ సొంత వాడకానికి నకలు తీసుకోవచ్చంటుంది, 95ఏ సెక్షన్ తాళం తీయడాన్ని నిషేధించి ఆ హక్కును చేతికి అందకుండా చేస్తుంది. డబ్బిచ్చి కొన్న డిస్కుకు ఇంట్లో ఒక నకలు దాచుకునే హక్కును చట్టం స్పష్టంగా గుర్తించాలి. డిస్కులు పాడవుతాయి, ప్లేయర్లు ఆగిపోతాయి అని వాదించేవాళ్ళు ముందు దీన్ని సమర్థించాలి.

మూడు: సిరీస్ తీయించే ప్రతి ఓటీటీ సంస్థా దాన్ని కొంతకాలానికి డిస్కు మీద విడుదల చేయాలి, గ్రంథాలయాలకు అమ్మాలి. తెలుగు నిర్మాతలు తమ పెద్ద సినిమాలనైనా తెలుగు ధ్వనితో, జర్మన్, ఆంగ్ల ఉపశీర్షికలతో 4కె డిస్కులుగా తేవాలి. వేల ప్రతులు అక్కర్లేదు, కొన్ని వందలు సరైన అరల్లో చేరినా చాలు.

ఇక ప్రేక్షకులుగా మన వంతు. ఏ సినిమా లేకపోతే మనకు లోటో ఆ సినిమాను కొనాలి. దొరకకపోతే తీసినవాళ్ళను అడగాలి. డిస్కు పోయిందని ఎవరైనా చెబితే, అది పోయినందువల్ల లాభం ఎవరికని ఎదురడగాలి. చూసేవాళ్ళకు మాత్రం కాదు.